బతికున్న అడవి జంతువుల సంతలు, మహమ్మారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొవిడ్ తగ్గి ఏళ్లు గడిచినా "చైనావాళ్లు గబ్బిలాలు తిన్నారు, మనం అనుభవించాం" అనే మాట పెళ్లి పందిట్లో కూడా వినిపిస్తూనే ఉంది. ఆ మాట పట్టుకుని వెళ్తే అసలు ప్రమాదం ఎక్కడుందో దొరకదు. వైరస్ మనిషిలోకి దూకేది చాలావరకు కూర కంచంలోకి రాకముందే, బోనుల దగ్గర, కోత బల్ల దగ్గర. అందరికీ వచ్చే అనుమానాలకు జవాబులు కింద ఉన్నాయి.

ఇక్కడ సంత అంటే ఏ సంత? మన రైతు బజారు, చేపల మార్కెట్ కూడా లెక్కలోకి వస్తాయా?

రావు. కూరగాయలు, చేపలు, కోసిన మాంసం అమ్మే మార్కెట్లు ఆసియా అంతటా ఉన్నాయి. ఈగలు, మురుగు, కంపు ఉంటే ఉండొచ్చు గానీ మహమ్మారి పుట్టడానికి కావలసిన సరంజామా అక్కడ లేదు. బతికున్న కోళ్లు, బాతులు అమ్మేవి రెండో రకం. బర్డ్ ఫ్లూ విషయంలో వీటితో జాగ్రత్తగా ఉండాలి. మూడో రకం అసలు సమస్య: అడవిలో పట్టినవో, ఫారాల్లో పెంచినవో అడవి జంతువులను బోనుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, అడిగినవాడి కళ్లముందే కోసి ఇచ్చేవి.

2020లో "వెట్ మార్కెట్లన్నీ (తాజా కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే సంతలు) మూసేయండి" అని లేచిన గోల ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసింది. కోట్లమంది రోజూ కూరగాయలు కొనుక్కునే చోటును మూసేయమనడం తెలివితక్కువ మాట. ఆ గోలలో అసలు మూయాల్సినవి ఏవో మరుగునపడ్డాయి కూడా.

అడవి మాంసం తింటేనే జబ్బు వస్తుందా?

బాగా ఉడికిన మాంసంతో ఫ్లూ గానీ కరోనా గానీ వచ్చే అవకాశం దాదాపు లేదు. ముక్క లోపలిదాకా 70 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఆ వైరస్‌లు చస్తాయి. మన కూర పొయ్యి మీద ఉడికే వేడి అంతకన్నా చాలా ఎక్కువ. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం చావవు.

ప్రమాదం అంతకుముందే జరిగిపోతుంది. బెదిరిన జంతువును బోనులోంచి బయటికి లాగాలి. అది గీరుతుంది, కరుస్తుంది, చేతుల మీదే మూత్రం పోస్తుంది. గొంతు కోస్తే రక్తం చిమ్ముతుంది. తర్వాత వేడినీళ్లలో ముంచి, ఈకలో బొచ్చో పీకే యంత్రంలో వేస్తే సన్నటి తుంపర గాలిలోకి లేస్తుంది. పక్కన నిలబడ్డవాడు దాన్నే పీలుస్తాడు.

2003 మేలో హాంకాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చైనాలోని షెన్‌జెన్ మార్కెట్‌కు వెళ్లి జంతువులతో పాటు అక్కడ పనిచేసేవాళ్ల రక్తం కూడా పరీక్షించారు. అడవి జంతువుల వ్యాపారులు 20 మందిలో 8 మందికి సార్స్ (2002-03లో చైనాలో మొదలై వేరే దేశాలకూ పాకిన ఊపిరితిత్తుల జబ్బు) రకం వైరస్‌ను తాకిన ఆనవాళ్లు, అంటే యాంటీబాడీలు, దొరికాయి. జంతువులను కోసేవాళ్లు 15 మందిలో ముగ్గురికి ఉన్నాయి. అదే మార్కెట్‌లో కూరగాయలు అమ్మేవాళ్లు 20 మందిలో ఒక్కరికే. వీళ్లలో ఎవరికీ అంతకుముందు సార్స్ అని జబ్బు చేయలేదు. అంటే వైరస్ గుట్టుచప్పుడు కాకుండా మనుషుల్లోకి వచ్చి పోతూనే ఉంది. అలా వచ్చిపోయేవాటిలో ఏదో ఒకటి మనిషి నుంచి మనిషికి అంటుకోవడం నేర్చుకునేదాకా ఎవరికీ తెలియదు.

సార్స్ పునుగు పిల్లి నుంచి వచ్చిందంటారు. తిరుమలలో ఉండే పునుగు పిల్లేనా అది?

కాదు. తిరుమల శ్రీవారికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే పునుగు తైలం మన పునుగు పిల్లి నుంచి తీసేది. దక్షిణ చైనా మార్కెట్లలో అమ్మింది ముఖం మీద తెల్లటి చారలుండే మరో జాతి. కుటుంబం ఒకటే, జాతి వేరు.

సార్స్ తొలి కేసులు 2002 నవంబరులో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఫోషాన్‌లో బయటపడ్డాయి. 2003 ఫిబ్రవరిలో గ్వాంగ్‌జౌ నుంచి వచ్చిన ఒక డాక్టరు హాంకాంగ్‌లోని ఓ హోటల్ తొమ్మిదో అంతస్తులో బస చేశాడు. అదే అంతస్తులో ఉన్న అతిథుల ద్వారా జబ్బు వియత్నాం, సింగపూర్, కెనడా చేరింది. మొత్తం 8,096 మందికి సోకి 774 మంది చనిపోయారు. షెన్‌జెన్ మార్కెట్‌లోని పునుగు పిల్లుల్లోనూ, ఒక రకూన్ డాగ్‌లోనూ (కుక్క కుటుంబానికే చెందిన, ఒత్తు బొచ్చుండే అడవి జంతువు) దాదాపు అదే వైరస్ దొరికింది. 2004 జనవరిలో గ్వాంగ్‌డాంగ్ ప్రభుత్వం పది వేల దాకా పునుగు పిల్లుల్ని చంపేయమని ఆదేశించింది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. తర్వాత ఫారాలకు వెళ్లి చూస్తే చాలాచోట్ల పునుగు పిల్లులు వైరస్ లేకుండా శుభ్రంగా ఉన్నాయి. మార్కెట్‌కు వచ్చినవాటిలోనే వైరస్ విపరీతంగా ఉంది. అసలు మూలం గుర్రపు లాడం ఆకారపు ముక్కుండే గబ్బిలాలని 2005లో తేలింది. పాపం, పునుగు పిల్లి మధ్యలో ఇరుక్కుంది.

అడవిలో తక్కువగా ఉన్న వైరస్ మార్కెట్‌కు వచ్చేసరికి అంత ఎలా పెరుగుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

దక్షిణ వియత్నాంలో పొలం ఎలుకల్ని పట్టి అమ్మడం పెద్ద వ్యాపారం. 2013, 2014లో అక్కడి ఎలుకల్లో కరోనా వైరస్‌ల కోసం వెతికారు. ఎలుకల్ని సేకరించే వ్యాపారుల దగ్గర సుమారు 21 శాతం ఎలుకల్లో వైరస్ ఉంది. పెద్ద మార్కెట్లకు వచ్చేసరికి అది 32 శాతమైంది. చివరికి రెస్టారెంట్లలో కోయడానికి సిద్ధంగా ఉన్నవాటిలో 56 శాతం. పొలం నుంచి వంటింటి దాకా సాగిన ప్రయాణంలోనే వైరస్ రెండింతలు దాటింది.

అది కొవిడ్ వైరస్ కాదు, మనుషులకు సోకిందన్న రుజువూ లేదు. కానీ వ్యవహారం ఎలా నడుస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పట్టుబడిన జంతువు తిండీ నీళ్లూ లేక, బెదురుతో, గాయాలతో ఉంటుంది. ఆ ఒత్తిడికి రోగనిరోధక శక్తి పడిపోయి వైరస్‌ను మామూలుకన్నా ఎక్కువగా వదులుతుంది. సంక్రాంతి ముందురోజు బస్టాండులో జనంలా బోనుల్లో కిక్కిరిసి ఉంటాయి. పై బోనులో జంతువు మూత్రం, రెట్ట కింద బోనులో దాని మీద పడుతుంది. అడవిలో జన్మలో కలవని జాతులు పక్కపక్కనే ఊపిరి పీలుస్తాయి. ఇవాళ అమ్ముడుపోనిది రేపు కొత్తగా వచ్చిన సరుకుకు అంటిస్తుంది.

మన దగ్గర కోస్తాలోనూ, నెల్లూరు వైపూ యానాదులు తరతరాలుగా వరి పొలాల్లో ఎలుకల్ని పడుతున్నారు. రైతులే పిలిపించి పట్టిస్తారు. దొరికినవాటిని ఆ పూటే కాల్చుకుని తినే పద్ధతికీ, వేల ఎలుకల్ని బోనుల్లో వేసి రోజుల తరబడి చేతులు మార్చే వ్యాపారానికీ పోలిక లేదు. ఎలుక కాటుతో, మూత్రంతో వచ్చే జబ్బుల భయం వాళ్లకూ ఉంది, నిజమే. అయినా వేటాడే పేదవాడి మీద పడి ఏడవడం ఈ విషయంలో గురి తప్పడమే.

కొవిడ్ వుహాన్ మార్కెట్ నుంచే వచ్చిందని రుజువైందా?

పూర్తిగా రుజువు కాలేదు. ప్రచురితమైన శాస్త్రీయ ఆధారాల మొగ్గు మాత్రం మార్కెట్ వైపే ఉంది.

వుహాన్‌లో మొదట ఆసుపత్రి పాలైన 41 మందిలో 27 మందికి హువానాన్ సీఫుడ్ మార్కెట్‌తో సంబంధం ఉంది. 2020 జనవరి 1న మార్కెట్ మూసేశారు. తర్వాత తీసిన శాంపిళ్లలో గోడలు, నేల, బండ్లు, మురుగు లాంటి చోట్ల తీసినవి 923, జంతువులవి 457. మొదటి రకంలో 74 పాజిటివ్ వచ్చాయి, జంతువుల్లో ఒక్కటీ రాలేదు. కాకపోతే బతికున్న రకూన్ డాగ్‌ల లాంటివి అప్పటికే అక్కడ లేవు. పరీక్ష చేయాల్సినవాటికి చేయనే లేదు.

ఒక దుకాణం కథ మాత్రం మనసులోంచి పోదు. ఆస్ట్రేలియాకు చెందిన వైరస్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోమ్స్ 2014లోనే ఆ మార్కెట్‌కు వెళ్లి ఒక బోనును ఫొటో తీశాడు. ఇనప బోనులో రకూన్ డాగ్, దాని కిందే పక్షుల బోను. ఇలాంటి చోటే జబ్బు పుట్టే ప్రమాదం ఉందని చూపించడానికే అతన్ని అక్కడికి తీసుకెళ్లారు. ఆరేళ్లకు అదే దుకాణంలో తీసిన శాంపిళ్లలో ఐదు పాజిటివ్. వాటిలో ఇనప బోను, తోపుడు బండి, వెంట్రుకలూ ఈకలూ పీకే యంత్రం ఉన్నాయి. ఆ మార్కెట్ శాంపిళ్లలో వైరస్‌తో పాటు రకూన్ డాగ్ జన్యు పదార్థం కూడా ఉందని తర్వాతి విశ్లేషణల్లో తేలింది.

ఇక వుహాన్‌లోని వైరస్ పరిశోధన ల్యాబ్ నుంచి బయటపడిందన్న వాదన. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ 2025 జనవరిలో అటువైపు మొగ్గింది, అదీ తక్కువ నమ్మకంతో అని తనే చెప్పుకుంది. అదే ఏడాది జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం అందుబాటులో ఉన్న ఆధారాల బరువు జంతువుల నుంచి వచ్చిందనే వైపు ఉందని, చైనా అడిగిన సమాచారం ఇవ్వనందువల్ల ల్యాబ్ కోణాన్ని కొట్టిపారేయలేమని చెప్పింది. నా మటుకు నాకు ఈ తగువు తేలేదాకా సంతల విషయం పక్కన పెట్టాలనడం అర్థం లేని మాట. కొవిడ్ ఎలా వచ్చినా, సార్స్ వచ్చిన దారిలో సందేహం లేదు.

వుహాన్‌లో గబ్బిలాలు, అలుగులు (ఒళ్లంతా పొలుసులుండే పాంగోలిన్లు) అమ్మారా?

2017 మే నుంచి 2019 నవంబరు దాకా వుహాన్ మార్కెట్లలో 17 దుకాణాలను నెలనెలా గమనించిన సర్వే ఒకటి ఉంది. వేరే జబ్బు కోసం మొదలుపెట్టిన సర్వే అది, అదృష్టవశాత్తూ సరిగ్గా అప్పుడే జరిగింది. 38 జాతుల జంతువులు 47,381 అమ్ముడయ్యాయి. రకూన్ డాగ్‌లు, పునుగు పిల్లులు, మింక్‌లు (బొచ్చు కోసం పెంచే ముంగిసలాంటి జంతువులు), వెదురు ఎలుకలు, ముళ్లపందులు ఉన్నాయి. గబ్బిలం లేదు, అలుగూ లేదు. వాట్సాప్‌లో తిరిగిన గబ్బిలం సూపు వీడియో చైనాలోది కూడా కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దీవుల్లో అంతకు ఏళ్ల ముందు తీసింది.

తిండికి లేక తింటున్నారు కదా, నిషేధిస్తే వాళ్ల గతి?

ఆఫ్రికాలో అడవిని ఆనుకున్న పల్లెల విషయంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. అక్కడ వేట మాంసమే ప్రొటీన్. వుహాన్, గ్వాంగ్‌జౌ లాంటి నగరాల్లో లెక్క వేరు. పై సర్వేలోనే రకూన్ డాగ్ మాంసం కిలో ధర పంది మాంసం ధరకు రెండు మూడింతలు ఉంది. అది హోదా కోసం, అతిథుల ముందు గొప్ప కోసం, ఒంటికి మంచిదన్న నమ్మకంతో తినే తిండి.

అయితే పెంచి అమ్మేవాళ్లలో పేదవాళ్లున్నారు. వన్యప్రాణుల పెంపకం విలువ 52 వేల కోట్ల యువాన్లని, కోటీ నలభై లక్షల మందికి పని కల్పిస్తోందని చైనా ఇంజినీరింగ్ అకాడమీ 2017లో లెక్కగట్టింది. పల్లె పేదరికం పోగొట్టే మార్గమని వెదురు ఎలుకల పెంపకాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. ఒకపక్క ప్రోత్సహించి ఇంకోపక్క రాత్రికి రాత్రి ఆపేస్తే నష్టం ఎవరిదో చెప్పక్కర్లేదు.

చైనా నిషేధించిందా మరి?

2020 ఫిబ్రవరి 24న నేల మీద బతికే అడవి జంతువులను తిండి కోసం అమ్మడం, తినడం నిషేధించింది. ఫారాల్లో పెంచినవీ అందులోకి వస్తాయి. కానీ బొచ్చు కోసం మింక్, రకూన్ డాగ్‌ల పెంపకం ఆగలేదు. సంప్రదాయ వైద్యానికి వాడటం ఆగలేదు. అదే జంతువు, అదే బోను, అదే పనివాడు. మాంసం తినడం లేదు కాబట్టి వైరస్ రాదనుకోవాలా? 2020 నవంబరులో డెన్మార్క్ మింక్ ఫారాల్లో కొవిడ్ మనుషుల నుంచి మింక్‌లకు, మళ్లీ మింక్‌ల నుంచి మనుషులకు పాకితే కోటిన్నరకు పైగా జంతువులను చంపాల్సి వచ్చింది. అక్కడ వాటిని ఎవరూ తినరు.

మార్కెట్లన్నీ మూసేస్తే సరిపోతుందా?

మూయడం పనిచేస్తుంది, ఒక్క పట్టున మూయడం ఎదురు తిరుగుతుంది కూడా. 2013లో హెచ్7ఎన్9 బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు షాంఘై, హాంగ్‌జౌ, హుజౌ, నాన్‌జింగ్ నగరాల్లో బతికున్న కోళ్ల మార్కెట్లు మూస్తే కొత్త కేసులు 97 శాతానికి పైగా తగ్గాయి. అదే సమయంలో అమ్ముడుపోని కోళ్లు మార్కెట్లు తెరిచున్న ఊళ్లకు లారీలెక్కి వైరస్‌ను వెంట తీసుకెళ్లాయి.

హాంకాంగ్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 1997లో అక్కడ హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ తొలిసారి మనుషులకు సోకి 18 మందిలో ఆరుగురు చనిపోయారు. నగరంలోని కోళ్లన్నీ, పది లక్షలకు పైగా, చంపేశారు. తర్వాత మార్కెట్లు మూయకుండా ఒక్కో మెట్టే బిగించుకుంటూ వచ్చారు. బాతుల్ని కోళ్ల నుంచి వేరుచేశారు. కంజుపిట్టల్ని తీసేశారు. 2001 నుంచి నెలకో రోజు సెలవు పెట్టి బోనులన్నీ ఖాళీ చేసి కడిగించారు. 2008 నుంచి రాత్రి దుకాణంలో బతికున్న కోడి ఉండకూడదన్నారు. సెలవు రోజుకన్నా ఈ చివరి నిబంధనే ఎక్కువ పనిచేసిందని తర్వాత పరీక్షల్లో తేలింది. నిన్నటి కోడి లేకపోతే ఇవాళ్టి కోడికి అంటించేదే లేదు.

అడవి క్షీరదాల విషయంలో ఇలాంటి మధ్యేమార్గం లేదు. వాటిని బతికుండగా తిండి కోసం అమ్మడం అత్యవసరంగా ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2021 ఏప్రిల్‌లో కలిసి కోరాయి.

మన చికెన్ షాపుల సంగతేంటి?

కోడి అడవి జంతువు కాదు, ఒకే జాతి ఉంటుంది కాబట్టి ప్రమాదం చిన్నదే, లేకుండా మాత్రం పోలేదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో చచ్చిన కోళ్లకు హెచ్5ఎన్1 ఉందని జంతువుల జబ్బులు పరీక్షించే భోపాల్ ల్యాబ్ నిర్ధారించింది. ఆ తర్వాతి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఆ వైరస్‌తోనే చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు విచారణలో తెలిసింది.

భయం పుట్టినప్పుడల్లా మన దగ్గర జరిగేది చికెన్ మేళా. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. ఉడికిన చికెన్‌తో ఏమీ కాదన్నది నిజమే. కానీ రోజంతా బోనులో చెయ్యి పెట్టి, కోసి, డ్రమ్ములో వేసి, ఒట్టి చేతులతో తోలు తీసే కుర్రాడికి గ్లౌజులు, మాస్కు ఉన్నాయా అని ఏ మేళాలోనూ ఎవరూ అడగలేదు. అడగాల్సింది అదే. ఇంట్లో మనం చేయగలిగింది చిన్నది: పచ్చిమాంసం కోసిన కత్తి, పీట వెంటనే కడగడం, పిల్లల్ని దానికి దూరంగా ఉంచడం, గుడ్డు పచ్చిగా తాగకపోవడం.

పెంపుడు జంతువుల దుకాణాలతో కూడా భయమేనా?

తినకపోయినా, బోను బోనే. 2003లో ఘనా నుంచి అమెరికాకు దిగుమతైన ఎలుకల జాతి జంతువుల్ని అక్కడి ప్రెయిరీ డాగ్‌ల (ఉడత కుటుంబపు జంతువులు) పక్కన ఉంచి అమ్మితే, వాటిని కొనుక్కున్నవాళ్లకు మంకీపాక్స్ వచ్చింది. అలా 47 మంది. 2022 జనవరిలో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన హ్యామ్‌స్టర్ల (ఎలుకలాంటి పెంపుడు జంతువులు) ద్వారా హాంకాంగ్‌లో ఓ పెట్ షాపు ఉద్యోగికి కొవిడ్ సోకింది.

హైదరాబాద్ పాతబస్తీ ముర్గీ చౌక్‌లో కోళ్లు, పావురాలతో పాటు రంగురంగుల పక్షులూ కనిపిస్తాయి. ఆస్ట్రేలియా బడ్జీలు, లవ్ బర్డ్స్ అమ్మడం తప్పు కాదు. మన రామచిలక, మైనా, నక్షత్ర తాబేలు అమ్మినా, కొన్నా, ఇంట్లో పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలక జోస్యంవాడి చిలక కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

గబ్బిలాలే మూలమైతే ఊరి మర్రిచెట్టు మీద గబ్బిలాలను తరిమేస్తే పోలేదా?

ఈ పని ఉగాండాలో చేసి చూశారు. కిటాకా గనిలో కార్మికులకు ఎబోలాలాంటి ప్రాణాంతకమైన మార్‌బర్గ్ వైరస్ సోకిందని 2008లో అక్కడి గబ్బిలాలన్నిటినీ చంపేశారు. కొన్నేళ్లకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. అంతకుముందు 5 శాతం గబ్బిలాల్లో ఉన్న వైరస్ ఈసారి 13 శాతంలో కనిపించింది. 2012లో ఆ ప్రాంతంలోనే మళ్లీ జబ్బు రేగింది. గబ్బిలాల జోలికి పోకండి. అవి కొరికి పడేసిన పండ్లు తినకండి, చచ్చి పడిన గబ్బిలాన్ని ఒట్టి చేత్తో తీయకండి.

అడవి జంతువుల్ని అమ్మడం కంటపడితే ఏం చేయాలి?

"పాపం, విడిపిద్దాం" అని కొనకండి. కొన్న ప్రతి చిలకకూ వ్యాపారి ఇంకో రెండు తెప్పిస్తాడు, పైగా చట్టం ముందు మీరు కొన్నవారే అవుతారు. జంతువును ముట్టుకోకండి, వ్యాపారితో గొడవకు దిగకండి. చోటు, సమయం గుర్తు పెట్టుకుని దగ్గర్లోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు గానీ పోలీసులకు గానీ చెప్పండి. కోళ్లో, కాకులో, కొంగలో ఒక్కచోట గుంపుగా చచ్చిపడి ఉంటే మండల పశువైద్యాధికారికి చెప్పాలి. ఆ శాంపిళ్లు తీసి పంపించేది వాళ్లే. వాటిని మీరే సంచిలో వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్లకండి, కుక్కలు లాక్కుపోకుండా మాత్రం వాళ్లు వచ్చేదాకా చూడండి.